సిక్కోలు తీరంలో తాబేళ్లు: ఎందుకు చనిపోతున్నాయి, ఎవరు కాపాడుతున్నారు?

సంక్రాంతి దాటిన దగ్గర్నుంచి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల సముద్ర తీరంలో తాబేళ్లు రెండు రకాలుగా కనిపిస్తాయి. కొన్ని రాత్రిపూట ఇసుక మీదికి పాక్కుంటూ వచ్చి, గొయ్యి తవ్వి, గుడ్లు పెట్టి తెల్లారేలోగా సముద్రంలోకి వెళ్లిపోతాయి. వాటిని చూసేవాళ్లు తక్కువ. ఇంకొన్నిటిని అలలే ఒడ్డుకు తోస్తాయి. ఒళ్లు ఉబ్బి, కళ్లు ఉబికి, కాకులూ కుక్కలూ పీకుతున్న కళేబరాలవి. కళింగపట్నం దర్గాకు వెళ్లి అలాగే బీచ్ దాకా నడిచిన కుటుంబాలకు ఈ రెండో రకమే ఎక్కువగా కంటబడుతుంది. పిల్లలు అడుగుతారు, ఇది ఎలా చచ్చిపోయిందని. సాధారణంగా పెద్దవాళ్ల దగ్గర జవాబు ఉండదు.

రెండూ ఒకే జాతి. ఆలివ్ రిడ్లే అంటారు. సముద్ర తాబేళ్లలో చిన్నవి, అయినా పెద్ద తాబేలు 35 నుంచి 45 కిలోల దాకా తూగుతుంది. పైచిప్ప రెండడుగులకు పైనే ఉంటుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో దీనికి షెడ్యూల్ 1 హోదా ఉంది. అంటే చట్టం దృష్టిలో పులికి ఎంత రక్షణ ఉందో దీనికీ అంతే.

ఈ తీరానికే ఎందుకు వస్తాయి

ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి వెళ్తే గంజాం జిల్లాలో రుషికుల్య నది సముద్రంలో కలిసే చోటు వస్తుంది. ప్రపంచంలో ఆలివ్ రిడ్లేలు లక్షల్లో ఒకేసారి గుడ్లు పెట్టే అతికొద్ది ప్రదేశాల్లో అదొకటి. ఈ సంగతి బయటి లోకానికి 1994లో తెలిసింది. 2025 ఫిబ్రవరిలో అక్కడ ఆరు లక్షలకు పైగా తాబేళ్లు గుడ్లు పెట్టాయి. అంత గుంపు అక్కడికి చేరాలంటే బంగాళాఖాతంలో మన ముందు నుంచి కూడా చాలా వాటికి దారి. అందులో కొన్ని మన తీరంలోనే ఆగి, ఒక్కొక్కటిగా గుడ్లు పెట్టుకుంటాయి.

శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది. రాష్ట్రంలో ఇంత పొడవైన తీరం ఇంకే జిల్లాకీ లేదు. పక్కనున్న విజయనగరానికి భోగాపురం, పూసపాటిరేగ మండలాల్లో కలిపి 28 కిలోమీటర్లే. ఇసుక తిన్నెలు, సరుగుడు తోటలు, మధ్యమధ్య నదీముఖాలు. బారువ దగ్గర మహేంద్రతనయ, కళింగపట్నంలో వంశధార, కల్లేపల్లి దగ్గర నాగావళి, కోనాడ దగ్గర చంపావతి సముద్రంలో కలుస్తాయి. జనసంచారం, దీపాలు తక్కువగా ఉండి, నది మేట వేసిన మెత్తటి ఇసుక ఉన్న చోటే తాబేలు ఎక్కువగా ఎంచుకుంటుంది.

ఒక్కో తాబేలు ఒక విడతకు దాదాపు వంద గుడ్లు పెడుతుంది. అడుగున్నర లోతు గొయ్యిలో, పింగ్ పాంగ్ బంతుల్లా తెల్లగా ఉంటాయవి. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు వస్తాయి. ఆడపిల్లో మగపిల్లో తేల్చేది ఇసుక వేడి. సుమారు 30 డిగ్రీలు దాటితే ఆడవి, తగ్గితే మగవి ఎక్కువగా పుడతాయి.

లెక్క ఒక్కసారి చూడండి. వెయ్యి పిల్లల్లో ఒకటే పెద్దదై గుడ్లు పెట్టే వయసుకు చేరుతుందని శాస్త్రవేత్తల అంచనా. గూడుకు వంద గుడ్లంటే, పది గూళ్లను రాత్రింబవళ్లు కాపలా కాసి, ప్రతి పిల్లనూ సముద్రంలోకి వదిలితే ఒక్క తల్లి మిగులుతుందన్నమాట. అలాంటి తల్లి ఒక్కటి వలలో చనిపోతే పది గూళ్ల కష్టం నీళ్లపాలే. గుడ్ల కాపలా ఒక్కటే సరిపోదని చెప్పడానికి ఇంతకన్నా పెద్ద వాదన అక్కర్లేదు.

నీటిలో మునిగి చనిపోయే తాబేళ్లు

సముద్రంలో ఉండే తాబేలు నీళ్లలో మునిగి చనిపోవడం వింతగా అనిపిస్తుంది. కానీ అసలు కారణం ఎక్కువగా అదే. తాబేలుకు మొప్పలు లేవు, ఊపిరితిత్తులున్నాయి. ఎంతసేపు మునిగినా గాలి కోసం పైకి రావాల్సిందే. ట్రాలర్ లాగే సంచి లాంటి వల సముద్రం అడుగున గంటల తరబడి సాగుతుంది. అందులో చిక్కిన తాబేలు పైకి రాలేదు. వల ఎత్తేసరికి చనిపోతుంది, లేదా స్పృహ తప్పి ఉంటుంది. చచ్చిందనుకుని దాన్ని సముద్రంలోకి తోసేస్తారు. రెండు మూడు రోజులకు కళేబరం ఒడ్డుకు కొట్టుకొస్తుంది.

రూలు ఉంది. మన రాష్ట్ర సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం కింద మరబోట్లు తీరానికి 8 కిలోమీటర్ల లోపు వేట చేయకూడదు. ఆ లోపలి నీళ్లు తెప్పలు, చిన్న ఫైబర్ బోట్ల వాళ్లవి. గుడ్ల కాలంలో తాబేళ్లు గుమిగూడేదీ తీరం దగ్గరి నీళ్లలోనే. శ్రీకాకుళం మత్స్యకారుల్లో ఎక్కువ మంది చిన్న బోట్ల వాళ్లే. బయటి నుంచి వచ్చే పెద్ద బోట్లు తమ నీళ్లలోకి చొరబడి, వలలు తెంచి, చేపలు ఊడ్చుకుపోతున్నాయని వాళ్లు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. ఈ విషయంలో జాలరికి జరిగే నష్టమూ తాబేలుకు జరిగే నష్టమూ వేర్వేరు కాదు.

ఇంకో చిక్కు క్యాలెండర్‌లో ఉంది. తూర్పు తీరంలో వేట నిషేధం ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. చేపలు గుడ్లు పెట్టే కాలాన్ని చూసి పెట్టిన తేదీలివి. తాబేళ్ల రద్దీ జనవరి నుంచి మార్చి దాకా. అంటే నిషేధం మొదలయ్యే నాటికి వాటి పని చాలావరకు అయిపోతుంది. ఒడిశా దీన్ని వేరేలా చూసుకుంది. రుషికుల్య, దేవి, ధామ్రా నదీముఖాల ముందు 20 కిలోమీటర్ల దాకా నవంబరు 1 నుంచి మే 31 వరకు వేట ఆపేస్తుంది. డొంకూరు దగ్గర రాష్ట్ర సరిహద్దు దాటిన తాబేలుకు చట్టం మారిపోతుంది.

మన దగ్గరా అలాగే ఏడు నెలలు ఆపేయాలని ఎవరైనా తేలిగ్గా అనొచ్చు. ఆ ఏడు నెలలు జాలరి ఇంట్లో పొయ్యి ఎలా వెలగాలి? 61 రోజుల నిషేధానికి ఇచ్చే భృతినే 2025లో రూ.20,000 చేశారు. ఆ పథకాన్ని ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఏప్రిల్ 26న ఎచ్చెర్ల మండలం బుడగట్లపాలెంలో ప్రారంభించారు. రెండు నెలల లెక్కే ఇలా ఉంటే ఏడు నెలల లెక్క ఎవరు కడతారో ముందు తేల్చాలి. ఈ జిల్లా మత్స్యకారులు పని కోసం గుజరాత్‌లోని వేరావల్ దాకా వలస పోతున్నారు. 2018లో పాకిస్తాన్ చేతికి చిక్కి, 2020 జనవరిలో విడుదలై ఇంటికి చేరిన వాళ్లలో ఎక్కువ మంది ఈ ఊళ్ల వాళ్లే.

మధ్యేమార్గం ఒకటుంది. ట్రాలర్ వల మెడ దగ్గర ఇనుప కడ్డీల చట్రం బిగిస్తారు. రొయ్య, చిన్న చేప కడ్డీల మధ్య నుంచి లోపలికి పోతాయి. తాబేలు చట్రానికి తగిలి, పైన ఉన్న సందులోంచి బయటపడుతుంది. టెడ్ అంటారు దీన్ని. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన బోట్లకు సరిపోయే రకాన్ని తయారు చేసింది. చేపలు కూడా ఆ సందులోంచి జారిపోతాయని బోటు యజమానుల భయం. టెడ్ లేదన్న కారణంతోనే అమెరికా 2019 నుంచి మన సముద్రపు రొయ్యను కొనడం ఆపేసింది. అయితే చెరువు రొయ్యకు ఆ నిషేధం వర్తించదు. ఆంధ్ర ఎగుమతుల్లో చెరువు రొయ్యే ఎక్కువ కాబట్టి ఇక్కడ ఆ దెబ్బ తగలాల్సినంత తగల్లేదు.

2025 జనవరిలో కాకినాడ తీరంలో తాబేళ్లు చనిపోయి కొట్టుకొస్తే, అటవీ శాఖ చూస్తున్న ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ విచారణకు ఆదేశించారు. అదే నెలలో చెన్నై తీరంలోనూ వందల కళేబరాలు బయటపడ్డాయి.

వలీమా ప్లేటు ఎక్కడికి పోతుంది

వల తర్వాత చెత్త. తాబేలుకు జెల్లీఫిష్ ఇష్టమైన ఆహారం. నీళ్లలో తేలే పాలిథిన్ కవర్ దానికి జెల్లీఫిష్‌లాగే కనిపిస్తుంది. మింగితే పేగుల్లో అడ్డుపడుతుంది. కడుపు నిండినట్టే ఉంటుంది, ఒంటికి మాత్రం ఏమీ పట్టదు. నెమ్మదిగా నీరసించిపోతుంది. దీనికన్నా ప్రమాదం తెగిపోయిన, పారేసిన నైలాన్ వలలు. మనిషి లేకపోయినా అవి ఏళ్ల తరబడి వేట చేస్తూనే ఉంటాయి. పక్షి కాలు, తాబేలు రెక్క, చేప ఏది తగిలినా వదలవు.

బీచ్‌లో కనిపించే చెత్తంతా బీచ్‌కు వచ్చినవాళ్లే వేసింది కాదు. శ్రీకాకుళం పట్టణం నాగావళి ఒడ్డున ఉంది. కుతుబ్‌షాహీల కాలంలో ఫౌజ్‌దార్ షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు ఉన్న పాత ఊరైనా, కొత్త కాలనీలైనా, కాలువలో పడింది చివరికి నదిలోకే. ఫంక్షన్ హాల్లో వలీమా అయ్యాక వెనక గోడ దగ్గర కుప్ప పోసే థర్మకోల్ ప్లేట్లు, వాటర్ ప్యాకెట్లు, ప్లాస్టిక్ గ్లాసులు గాలికో వానకో కదలాల్సిందే. ఒక్క పెద్ద వాన చాలు, కల్లేపల్లి దాకా చేరిపోతాయి. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధం. 120 మైక్రాన్ల లోపు క్యారీ బ్యాగులకు ఆ ఏడాది డిసెంబరు 31 నుంచి నిషేధం. క్యాటరింగ్ వాళ్లను అడిగితే విస్తరాకులు, స్టీలు ప్లేట్లు దొరుకుతాయి. కాస్త ఖర్చు పెరుగుతుంది, అంతే.

ప్లాస్టిక్ కంటికి కనిపిస్తుంది కాబట్టి మాట్లాడతాం. కనిపించనిది వేరే ఉంది. రణస్థలం మండలం పైడిభీమవరం చుట్టూ మందుల కంపెనీలున్నాయి. శుద్ధి చేశామని చెప్పే వ్యర్థ జలాలు పైపుల్లో సముద్రంలోకి వెళ్తాయి. ఆ నీళ్ల వల్లే చేపలు చస్తున్నాయని, వేట దూరం జరిగిపోయిందని తీర గ్రామాల ఫిర్యాదు. బీచ్ క్లీనింగ్ పేరుతో గ్లోవ్స్ వేసుకుని ఫొటోలు దిగడం మంచిదే, కాకపోతే పైపులో వచ్చేదాన్ని చీపురుతో ఊడ్వలేం.

రాత్రి కాపలా

సహాయం చేసేవాళ్లు ఎవరంటే, ముందు చెప్పాల్సింది ఊళ్లలోని జాలరి కుర్రాళ్ల గురించి. అటవీ శాఖ, చెన్నైకి చెందిన ట్రీ ఫౌండేషన్ కలిసి ఆంధ్ర తీరంలో తాబేళ్ల పని చేస్తున్నాయి. సుప్రజా ధారిణి 2002లో మొదలుపెట్టిన సంస్థ అది. ఊళ్లోని మత్స్యకార యువకులనే కాపలాదారులుగా పెట్టుకోవడం వాళ్ల పద్ధతి. సీజన్‌లో రాత్రిళ్లు వాళ్లు తీరం పొడవునా నడుస్తారు. ట్రాక్టరు చక్రం ఈడ్చినట్టు ఇసుకలో జాడ కనబడితే గూడు దగ్గర్లోనే ఉందని అర్థం.

కుక్కలు, నక్కలు, అడవి పందుల భయం ఉన్న చోట, అలలు తడిపేసే చోట గుడ్లను తీసి హేచరీకి మారుస్తారు. పెట్టిన కొన్ని గంటల్లోపే మార్చాలి. ఆ తర్వాత పిండం పెంకు లోపలి పైభాగానికి అతుక్కుంటుంది. గుడ్డు తిరగబడితే చచ్చిపోతుంది. అందుకే గుడ్డు ఎలా ఉందో అలాగే పట్టుకుని, అంతే లోతు గొయ్యిలో, అదే వరసలో పెడతారు. చుట్టూ వల కంచె, ఒక్కో గూటికి తేదీ రాసిన చీటీ. బారువ లాంటి చోట్ల పిల్లల్ని వదిలే కార్యక్రమానికి జనం కుటుంబాలతో వస్తున్నారు. పిల్లల్ని నేరుగా నీళ్లలో వేయరు. కొంత దూరంలో ఇసుక మీద వదిలి నడవనిస్తారు. పుట్టిన తీరాన్ని అవి గుర్తుపెట్టుకోవడానికి ఆ నడక అవసరమని శాస్త్రవేత్తలు భావిస్తారు. పెద్దయ్యాక గుడ్లు పెట్టడానికి ఆడ తాబేళ్లు సాధారణంగా పుట్టిన ప్రాంతానికే తిరిగొస్తాయి.

పిల్లలు వెలుగున్న వైపు నడుస్తాయి. చీకటి తీరంలో అన్నిటికన్నా వెలుగు సముద్రం మీదే. రిసార్టు లైట్లు, రోడ్డు లైట్లు ఉంటే ఊరి వైపు తిరిగి, తెల్లారేసరికి ఎండకు మాడిపోతాయి. భోగాపురం విమానాశ్రయం చుట్టూ ముక్కాం, చేపల కంచేరు వైపు కట్టడాలు పెరిగేకొద్దీ విజయనగరం జిల్లాకున్న ఆ 28 కిలోమీటర్లలో చీకటి ఎంత మిగులుతుందన్నది ఇప్పుడే అడగాల్సిన ప్రశ్న.

పెద్ద ప్రాణులు కూడా అప్పుడప్పుడు వస్తుంటాయి. 2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి తీరంలో భారీ వేల్ షార్క్ ఒడ్డుకు చిక్కుకుంటే, అటవీ సిబ్బంది, మత్స్యకారులు, వన్యప్రాణి కార్యకర్తలు కలిసి ప్రాణంతో లోతు నీళ్లలోకి పంపించారు. 2023 జూలైలో సంతబొమ్మాళి మండలం మేఘవరం తీరానికి కొట్టుకొచ్చిన తిమింగలం అప్పటికే చనిపోయింది.

వేల్ షార్క్ లాంటిది వలలో పడితే వల కోయడం తప్ప దారి లేదు. వల అంటే జాలరికి పెట్టుబడి. మహారాష్ట్రలో 2018 నుంచి, రక్షిత జీవిని వదలడానికి వల కోస్తే రూ.25,000 దాకా పరిహారం ఇస్తున్నారు. గుజరాత్‌లో అంతకుముందే వేల్ షార్క్‌కు ఇలాంటి ఏర్పాటు ఉంది. కోయమని చెప్పేముందు కోసిన వల ధర ఇచ్చే ఏర్పాటు ఉండాలి, అదీ ఆలస్యం లేకుండా.

ఒడ్డున ప్రాణంతో తాబేలు కనిపిస్తే

చాలామంది చేసే పని, జాలిపడి వెంటనే నీళ్లలోకి తోసేయడం. నీరసించిన తాబేలు అలా తోస్తే మునిగి చనిపోతుంది. ముందు నీడ చూపించాలి, చిప్ప మీద తడి గుడ్డ వేయాలి, ముక్కు మీద మాత్రం వేయకూడదు. వెల్లకిలా తిప్పకూడదు. వలలోంచి తీసినప్పుడు కదలకుండా ఉన్నా చచ్చిందని అనుకోవద్దు. బోర్లా ఉంచి, వెనక భాగం ఒక జానెడు ఎత్తులో ఉండేలా కింద ఏదైనా పెడితే ఊపిరితిత్తుల్లో నీళ్లు దిగుతాయి. గంటల తర్వాత కూడా కోలుకున్నవి ఉన్నాయి. ఈలోగా అటవీ శాఖ రేంజ్ ఆఫీసుకో, దగ్గర్లోని మెరైన్ పోలీస్ స్టేషన్‌కో కబురు పెట్టాలి. గుడ్లు పెడుతున్న తాబేలు కనబడితే దూరంగా వెనక నిలబడాలి. టార్చి, ఫోన్ ఫ్లాష్ వద్దు, పిల్లల్ని వీపు మీద కూర్చోబెట్టి ఫొటో అసలే వద్దు. అది నేరం కూడా. షెడ్యూల్ 1 జీవిని చంపినా, గుడ్లు తీసుకెళ్లినా మూడు నుంచి ఏడేళ్ల జైలు, కనీసం రూ.25,000 జరిమానా.

తేలినీలాపురం గూడబాతులు

తీరం అంటే తాబేళ్లే కాదు. టెక్కలి మండలం తేలినీలాపురంలో చింత చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టుకుంటాయి. ఇచ్ఛాపురం మండలం తేలుకుంచికి నత్తగుల్ల కొంగలు వానలతో పాటే వస్తాయి. ఈ పక్షులు వస్తేనే పంట బాగుంటుందని ఊరివాళ్ల నమ్మకం. వాటి మీద రాయి పడనివ్వరు. కానీ మేత ఊళ్లో దొరకదు, నౌపడ చిత్తడి నేలలు, చెరువులు, ఉప్పుటేరుల్లో దొరకాలి. 2021 డిసెంబరు చివర, 2022 జనవరిలో తేలినీలాపురంలో దాదాపు 150 గూడబాతులు చనిపోయాయి. పరీక్షల్లో తేలింది, చేపల ద్వారా కడుపులోకి చేరిన పురుగులని. ఊరు ఎంత ప్రేమగా చూసుకున్నా చెరువు బాగాలేకపోతే ఏం చేస్తుంది?

చిత్తడి నేలల కోసం ఈ జిల్లా మూల్యం కట్టింది. సోంపేట బీల భూముల్లో థర్మల్ ప్లాంటు వద్దన్నందుకు 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత ప్లాంటు పర్యావరణ అనుమతి రద్దయింది. ఇప్పుడు సంతబొమ్మాళి మండలం మూలపేటలో ఓడరేవు కడుతున్నారు. 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. ఉద్యోగాలొస్తాయని ఆశ ఉంది, నౌపడ నేలలకు ఏమవుతుందోనన్న దిగులూ ఉంది.

చెప్పే మాట ఎవరి నోట రావాలి

శ్రీకాకుళంలో గ్రీన్ మెర్సీ లాంటి సంస్థలు బడి పిల్లలకు, ఊళ్లకు పక్షుల గురించి, తాబేళ్ల గురించి చెబుతున్నాయి. ఇక్కడి హిందూ మత్స్యకారులకు తాబేలంటే కూర్మావతారం. గార మండలంలోని శ్రీకూర్మం గుడి తీరానికి దగ్గర్లోనే ఉంది. దేవుడి రూపమన్న భయభక్తులు చాలా తాబేళ్లను కాపాడుతున్నాయి.

ముస్లిం సమాజాల్లోనూ ఇలాంటి ప్రయత్నాలు జరిగాయి. జాంజిబార్‌లోని పెంబా పక్కన మిసాలి అనే దీవిలో తాబేళ్లు గుడ్లు పెడతాయి. అక్కడి మత్స్యకారులు ముస్లింలు. కొందరు డైనమైట్‌తో చేపలు పట్టేవారు, సర్కారు ఆంక్షలు పనిచేయలేదు. 1990ల చివర నుంచి ఖురాన్ బోధనల వెలుగులో, మస్జిదుల ద్వారా, ఇమాముల ద్వారా చెప్పడం మొదలుపెట్టాక మార్పు కనిపించింది. ఇండోనేషియా ఉలమా కౌన్సిల్ 2014లో అంతరించిపోతున్న జీవుల రక్షణపై ఫత్వా ఇచ్చింది. మన దగ్గర ఎక్కువమంది పాటించే హనఫీ మజ్‌హబ్‌లో సముద్రంలో చేప తప్ప మిగతావి హలాల్ కావు, తాబేలు కూడా కాదు. కాబట్టి మన ఇళ్లలో తాబేలు గుడ్ల సమస్య దాదాపు లేదు. ఉన్నది ప్లాస్టిక్ సమస్య. ఫంక్షన్ హాలు, ఉర్సు, ఈద్ తర్వాత బీచ్ పిక్నిక్, ఈ మూడు చోట్ల దాన్ని చూడొచ్చు. జుమా ఖుత్బాలో నీళ్ల గురించి, శుభ్రత గురించి చెప్పే ఇమాములు కాలువలో పడే ప్లేటు సంగతి కూడా ఒక మాట చెబితే వినేవాళ్లుంటారు.

పిల్లలకు చూపించాలనుకునేవాళ్లకు మార్చి, ఏప్రిల్ నెలలు అనువైనవి. తాబేలు పిల్లల్ని వదిలేది తెల్లవారుజామునో, పొద్దు వాలాకో. ఏ రోజన్నది ముందుగా ఖాయంగా చెప్పలేరు, ఇసుక వేడిని బట్టి రెండు మూడు రోజులు అటూ ఇటూ అవుతుంది. ముందు రోజు సాయంత్రం అటవీ శాఖ రేంజ్ ఆఫీసులో కనుక్కుని బయల్దేరాలి.